సొరకాయ తొడుక్కున్న కోటు

టేపు బాబాయ్ అబద్ధాలకోరు అంటే ఆ వీధిలో ఎవరూ ఒప్పుకోరు. అబద్ధమాడే మనిషికి ఎదుటివాళ్ళు నమ్మాలన్న ఆశ ఉంటుంది. బాబాయ్‌కి అలాంటి ఆశలేమీ లేవు, వింటే చాలు. కుట్టు మిషను ముందు కూర్చుని, మెడలో పసుపుపచ్చ టేపు వేలాడేసుకుని, సూదిలో దారం ఎక్కిస్తూ మొదలుపెట్టాడంటే పక్కనున్న టీ కొట్టులో గ్లాసులు చల్లారిపోయేవి. ఆ టేపు వల్లే ఆయనకి ఆ పేరు వచ్చింది. ముప్ఫై ఏళ్ళ కిందట కొట్టు తెరిచిన రోజు కొన్న నూలు టేపు అది. స్నానానికి తప్ప మెడలోంచి తీసేవాడు కాదు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో.

ఆ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి మాత్రం బాబాయ్ సూది వదిలేసి గడియారం వైపు చూశాడు. పెద్ద నర్సమ్మ వీధి దాటి కొట్టువైపే వస్తోంది.

ఎదురుగా ఉన్న ఆసుపత్రిలో పురుళ్ళ వార్డుకి ఆవిడే పెద్ద. రేపటితో ఆవిడ ఉద్యోగం అయిపోతుంది. రేపు పదింటికి ఆసుపత్రి హాల్లో సభ పెట్టారు. ఆ సభకి వేసుకోవడానికి కిందటి వానాకాలం మొదట్లోనే ముదురు నీలం బట్ట తెచ్చి, మోకాళ్ళ దాకా వచ్చే కోటు కుట్టమని కొలతలిచ్చి వెళ్ళింది. వానాకాలం పోయింది, చలికాలం పోయింది, ఎండాకాలం కూడా చివరికొచ్చేసింది.

కుట్టలేదా అంటే కుట్టాడు. అదే అసలు బాధ. రెండు నెలల కిందట కత్తిరించిన బట్టని పది రోజుల కిందట కుట్టి, ఇస్త్రీ చేసి, ముచ్చటపడి భార్యకి తొడిగి చూశాడు. వీధి మొత్తం పిన్ని అని పిలిచే ఆవిడ నర్సమ్మ కంటే ఓ పిసరు సన్నమే గానీ లావు కాదు. ఆవిడకే చంకల దగ్గర పట్టేసింది, చేతులు మణికట్టు చేరకుండానే ఆగిపోయాయి. బాబాయ్ కొలతల పుస్తకం తీసి మూడుసార్లు చూశాడు. అంకెలు సరిగ్గానే ఉన్నాయి. టేపు పెట్టి కోటు కొలిచాడు. పుస్తకంలో ఎంత ఉందో కోటూ అంతే ఉంది. పుస్తకం సరే, కోటు సరే, మరి తేడా ఎక్కడొచ్చిందో బుర్ర బద్దలు కొట్టుకున్నా అంతు పట్టలేదు. చివరికి దాన్ని మడిచి చెక్కపెట్టె అడుగున పెట్టి, పైన పాత బట్టలు పేర్చి, ఆ పెట్టెవైపు చూడడం మానేశాడు.

రెండింటికి నర్సమ్మ డ్యూటీ. అరగంట మాట్లాడగలిగితే ఈ పూటకి గండం గడుస్తుంది, రేపటి సంగతి రేపు చూసుకోవచ్చు. అరగంట మాట్లాడడం బాబాయ్‌కి ఎప్పుడు కష్టమైంది కనక?

"ఏం తమ్ముడూ, కోటేదీ?" అంది నర్సమ్మ బెంచీ మీద కూర్చుంటూ. అప్పటికే ఆ బెంచీ మీద రిటైరైన లెక్కల మాస్టారూ, భోజనం వేళకి బస్సు ఆపుకుని వచ్చిన డ్రైవరూ ఉన్నారు. టీ కొట్టాయన గోడ మీంచి చెయ్యి చాపి ఆవిడకో గ్లాసందించాడు.

"కోటు సంగతి చెప్పాలంటే అక్కా, ముందు సొరపాదు సంగతి చెప్పాలి," అన్నాడు బాబాయ్.

"కోటుకీ సొరపాదుకీ ఏమిటయ్యా సంబంధం?"

"అదే కదా అసలు కథ!"

డాబా మీద బాబాయ్‌కి నిజంగానే తోట ఉంది. విరిగిన బకెట్లు, నూనె డబ్బాలు, మట్టి తొట్లు కలిపి పాతిక దాకా ఉంటాయి. వాటిలో నిజంగానే కూరగాయలు కాస్తాయి. మొక్కల గురించి ఆయన చెప్పే సలహాలు విని వీధిలో సగం ఇళ్ళు బాగుపడ్డాయి. సలహా ఎక్కడ ఆగి కోత ఎక్కడ మొదలవుతుందో పట్టుకోవడమే కష్టం.

"కిందటి వానాకాలం. మీ బట్ట ఇదిగో ఈ బల్ల మీదే ఉంది. కత్తెర చేతిలోకి తీసుకున్నానో లేదో చిటపటా చినుకులు. తొలి చినుకు పడ్డాక మనిషన్నవాడు చెయ్యాల్సింది బట్ట కత్తిరించడం కాదక్కా, విత్తనం పెట్టడం. మీరూ వినండి మాస్టారూ, పనికొస్తుంది. విరిగిన బకెట్టు తీసుకుని అడుగున మూడు బెజ్జాలు పెట్టాలి. వానాకాలంలో మొక్క నీళ్ళు లేక చావదు, నీళ్ళలో ఊపిరాడక చస్తుంది. బెజ్జం మీద పెంకు ముక్క బోర్లించాలి, లేకపోతే మట్టి కొట్టుకుపోతుంది. మట్టి రెండు పాళ్ళు, బాగా చివికిన ఎరువు ఒక పాలు, ఇసక ఒక పాలు. సొర విత్తనాలు ముందురోజే నానబెట్టుకుని, వేలి కణుపంత లోతున గుచ్చాలి. నేను రెండే రెండు గుచ్చాను. ఎన్ని కాయలు కాశాయో తెలుసా?"

"ఎన్ని బాబాయ్?" అన్నాడు డ్రైవరు.

"పదకొండు!"

"ఓస్, అంతేనా," అన్నారు మాస్టారు. "మా ఇంట్లో తొమ్మిది కాశాయి."

బాబాయ్‌కి నిజంగానే పదకొండు కాశాయి. కానీ మాస్టారి తొమ్మిది పక్కన ఆ పదకొండు ఆనలేదు. గోడ గడియారం వైపు చూశాడు. ఒంటిగంటా ముప్ఫై నాలుగు.

"పదకొండూ మొదటి వారంలో," అన్నాడు.

మాస్టారు గ్లాసు కింద పెట్టారు.

"తీగ లేచాక ఆసరా కావాలి కదా. మీరేం చేస్తారు, సన్నటి తాడు బిగించి కడతారు. గాలికి ఊగి ఊగి ఆ తాడు కాడని కోసేస్తుంది. అలా కట్టకూడదు. వెడల్పాటి గుడ్డపట్టీ తీసుకుని, ఎనిమిది అంకెలా మెలితిప్పి, లోపల వేలు పట్టేంత వదులుగా కట్టాలి. నాకా వేళకి గుడ్డపట్టీ దొరకలేదు, పైన వాన కుమ్మేస్తోంది. మెడలో చెయ్యి పెట్టాను, ఈ టేపే తీసి కట్టేశాను. పది రోజులు వానలో తడుస్తూ, ఎండలో ఎండుతూ తీగకి కాపలా కాసింది నా టేపు. ఆ పది రోజులూ నేను కాజాలూ గుండీలూ తప్ప ఇంకో పని ముట్టుకోలేదు."

"అవును, ఖాళీ మెడతో చూసి ఎవరో కొత్త మనిషి అనుకున్నాను," అన్నాడు డ్రైవరు.

"నవ్వకురా, పొరపాటు జరిగింది అక్కడే. టేపు మీద అంకెలున్నాయి కదా, తీగ రోజూ పొద్దున్నే లేచి తనెంత పెరిగిందో చూసుకోవడం మొదలెట్టింది. చూసుకున్నకొద్దీ దానికి ఆశ పుట్టింది. మొదటి రోజు పన్నెండు అంగుళాలు. రెండో రోజు ముప్ఫై. మూడో రోజుకి టేపు అయిపోయింది! ఇంక దానికో కొలతా లేదు, హద్దూ లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమవుతుంది, టేపు నిండా బురద, పాచి," అంది పిన్ని లోపలి గదిలోంచి, కాజాలు కుడుతూనే. "రెండుసార్లు మరుగునీళ్ళలో వేసి ఉడకబెడితే గానీ కంపు పోలేదు."

"నువ్వు కాసేపు ఊరుకోవే, కథకి అడ్డం రాకు. ఏం చెప్తున్నాను? ఆ, తీగ పిట్టగోడ దాటింది. కరెంటు తీగ అందుకుంది. వీధి దాటింది. బస్సొస్తుంటే ఆగి, అటూ ఇటూ చూసుకుని మరీ దాటింది. ఎదురుగా ఏముంది? ఆసుపత్రి. మూడో అంతస్తు కిటికీలోంచి లోపలికి దూరిపోయింది."

"మూడో అంతస్తు మా వార్డే," అంది నర్సమ్మ. "నేను చూడలేదే?"

"ఆ రోజు మీరు సెలవక్కా."

"కిందటి వానాకాలం మొత్తమ్మీద నేను పెట్టింది ఒక్క రోజు సెలవు."

"ఆ ఒక్క రోజే!" అన్నాడు బాబాయ్ బల్ల చరిచి. "వార్డులో ఒక చంటిది గుక్కపట్టి ఏడుస్తోంది. మన తీగ కొస చాపి ఉయ్యాల పట్టుకుని ఊపింది. అంతే, పిల్ల నిద్రపోయింది. అది చూసి పక్క ఉయ్యాలలో వాడు అందుకున్నాడు. ఒకటి, రెండు, మొత్తం పద్నాలుగు ఉయ్యాలలు, పద్నాలుగు కొసలు. ఇంట్లో తోట పెంచేవాళ్ళు కొసలు తుంచాలంటారే, అది ఎందుకనుకున్నారు? కొస తుంచితే పక్క కొమ్మలొస్తాయి, పక్క కొమ్మకే కాయ ఎక్కువ. నేను తుంచబోతే వార్డులో తల్లులందరూ వద్దని చేతులు పట్టుకున్నారు."

టీ కొట్టాయన పగలబడి నవ్వాడు. నర్సమ్మ పెదాలు కూడా కాస్త కదిలాయి. ఒంటిగంటా నలభై.

"సరే, వానాకాలంలో తీగ నా వార్డులో డ్యూటీ చేసింది," అందావిడ. "చలికాలంలో ఏమైంది నా కోటు?"

"చలికాలంలో బట్ట కత్తిరించాలంటే చేతులు వంగాలి కదక్కా. అయినా మొక్కల్ని వదిలేసి ఎలా కూర్చోను? చలికాలం నీళ్ళు పొద్దుటి పూటే పొయ్యాలి, సాయంత్రం పోస్తే రాత్రంతా వేళ్ళు చల్లటి నీళ్ళలో నానుతాయి. మొక్కల మొదళ్ళలో రెండంగుళాల మందాన ఎండుటాకులు పరచాలి. నేను పరిచాను, కానీ మరీ మెత్తగా పరిచాను కాబోలు, టమాటా మొక్కలు ఆ ఆకులు మెడ దాకా లాక్కుని పడుకుని ఎనిమిదైనా లేచేవి కావు. ఒక్కోదాన్నీ పేరుపెట్టి పిలిచి లేపాల్సొచ్చేది. అంతలో పేనుబంక పట్టింది. కంగారుపడి మందులు కొట్టకూడదు. చెంబుడు నీళ్ళలో చెంచాడు సబ్బునీళ్ళు కలిపి, ఆకు కింది వైపు చల్లాలి. పురుగంతా ఆకు కిందే దాక్కుంటుంది. నేను చల్లాను. పేనుబంక శుభ్రంగా స్నానం చేసి, తలలు దువ్వుకుని, పోయొస్తాం బాబాయ్ అని చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయింది."

"మెట్లు దిగి!" అన్నారు మాస్టారు.

"లిఫ్టు లేదు కదా మాస్టారూ. ఇక మిరప సంగతి వినండి. మిరపకి నీళ్ళు కాస్త ఎండగట్టి పోస్తే ఘాటు పెరుగుతుంది. నేను కాస్త ఎక్కువ ఎండగట్టాను. ఒక కాయ కోసి జేబులో వేసుకుంటే జేబు కమిలిపోయింది. ఆ రోజే ఈయన పొయ్యి ఆరిపోయింది," అంటూ టీ కొట్టాయన్ని చూపించాడు. "టీ కోసం జనం వణికిపోతున్నారు. ఆ మిరపకాయ కెటిల్ కింద పెట్టాను. మూడు నిమిషాల్లో తెర్లిపోయింది టీ."

"నా పొయ్యి ఎప్పుడారింది?" అన్నాడు టీ కొట్టాయన.

"నువ్వు ఊళ్ళో లేవు. మీ బావమరిది ఇల్లు మారుతుంటే సాయానికి వెళ్ళావు."

"నాకు బావమరిదే లేడు కదా!"

"ఊళ్ళో మాత్రం లేవు, అది ఒప్పుకో."

డ్రైవరు నవ్వాపుకుంటూ కాళ్ళు చాపాడు. ప్యాంటు చీలమండ మీద నాలుగు వేళ్ళు పైకి లేచింది. "చలికాలంలోనే కదా బాబాయ్ నాకీ ప్యాంటు కుట్టావు. చూడు ఎక్కడుందో."

"మొక్కలకి నీళ్ళు పోసేటప్పుడు అంచు తడవకూడదని కావాలనే అలా కుట్టాను."

"నాకు మొక్కలు లేవుగా."

"పెంచుకో మరి, ప్యాంటు తయారుగా ఉంది!"

"నా చొక్కా చేతులు కూడా పొట్టిగానే వచ్చాయోయ్," అన్నారు మాస్టారు. "ఎప్పటి నుంచో నీ దగ్గరే కుట్టిస్తున్నాను, ఇలా ఎప్పుడూ కాలేదు."

బాబాయ్ నవ్వుతూనే కొలతల పుస్తకం బల్ల కిందకి జరిపాడు. కొత్తవాళ్ళెవరూ పేచీ పెట్టలేదు. పాతవాళ్ళవే పొట్టిగా వస్తున్నాయి. పాతవాళ్ళని మళ్ళీ కొలవాల్సిన పనే ఉండదు, పుస్తకంలో కొలతలుంటాయి. ఒకసారి కొలిస్తే జన్మంతా చాలు అని ఆయనే గొప్పగా చెప్పుకునేవాడు. చలికాలం నుంచీ ఏ పాత మనిషికీ ఒక్క బట్టా సరిపోలేదు. ఒంటిగంటా నలభై ఆరు.

"ఎండాకాలం చెప్పు," అంది నర్సమ్మ. "ఇంక మిగిలింది అదే కదా."

"చెప్తాను. ఎండాకాలం నీళ్ళు తెల్లవారుజామునే. మధ్యాహ్నం ఆకు వాడిందని జాలిపడి పోస్తే వేడినీళ్ళు పోసినట్టే. తొట్లన్నీ ఒకచోట దగ్గరదగ్గరగా జరపాలి, ఒకదాని నీడ ఒకదానికి. డాబా నేల కాలుతుంది కనక అడుగున ఇటుకలు పెట్టాలి. లేత నారు మీద మాత్రం పల్చటి బట్ట నీడ..."

నాలుక కరుచుకున్నాడు.

"ఏం బట్ట?" అంది నర్సమ్మ.

కోటు కత్తిరించగా మిగిలిన నీలం ముక్క, గజం పైనే ఉంటుంది, రెండు నెలలుగా టమాటా నారు మీద నీడై వేలాడుతోంది. మిగిలిన ముక్క బట్ట ఇచ్చినవాళ్ళకి తిరిగివ్వడం పద్ధతి. ఆ పద్ధతి బాబాయ్‌కి బాగా తెలుసు. టీ ఒక్క గుక్కలో మింగేసి, ఇంక వెనక్కి చూడకుండా పరిగెత్తించాడు కథని.

"బట్ట సంగతికే వస్తున్నాను. ఆ సొరకాయల్లో ఒకదాన్ని కోయకుండా విత్తనానికి వదిలేశాను. మంచి కాయ, మొదట్లో కాసింది, పాదు మీదే ముదరనివ్వాలి, అలాగైతేనే విత్తనం గట్టిది. అది ముదరడం కాదు, పెరగడం మొదలెట్టింది. ఏడడుగుల రెండంగుళాలు! ఎండలొచ్చేసరికి దాని వీపు కమిలిపోతోంది. కాలిపోతోంది బాబాయ్ అని ఒకటే మూలుగు. నా మనసు ఊరుకుంటుందా? అప్పుడే మీ కోటు కుట్టడం పూర్తయింది అక్కా. ఇస్త్రీ వేడి కూడా చల్లారలేదు. తీసుకెళ్ళి దానికి తొడిగాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నా కోటు సొరకాయకి తొడిగావా?"

"అచ్చు గుద్దినట్టు సరిపోయింది! గుండీలు పెట్టాక అది తల వంచి ఒకసారి తనని తాను చూసుకుంది. ఈ అందం డాబా మీద ఎవరు చూస్తారనుకుందో ఏమో, తొడిమె తెంపుకుని మెట్లు దిగింది. బస్సెక్కింది. ముందు సీట్లో వాళ్ళు లేచి చోటిచ్చారు."

"నా బస్సేనా?" అన్నాడు డ్రైవరు.

"నీ బస్సే. నువ్వు మాత్రం ఆ రోజు డ్యూటీలో లేవు. ఒక స్టాపు అవతల దిగి, వెనక్కి నడిచి ఆసుపత్రిలోకి వెళ్ళింది. కోటు చూసి కొత్తగా వచ్చిన పెద్ద డాక్టరనుకుని అందరూ లేచి నిలబడ్డారు. వార్డులన్నీ తిరిగింది. ప్రతి మంచం దగ్గరా ఆగింది."

"రోగులకి ఏం చెప్పిందోయ్?" అన్నారు మాస్టారు.

"ఒక్క ముక్క మాట్లాడలేదు. అదే దాని గొప్ప. వాళ్ళు చెప్పింది మొత్తం నిలబడి విన్నది. సగం మందికి అక్కడికక్కడే నయమైపోయి లేచి ఇళ్ళకి పోయారు! అప్పట్నుంచీ మిగతావాళ్ళు దాన్ని వదలట్లేదు అక్కా, కోటు విప్పడానికి తీరికే లేదు పాపం. సాయంత్రం ఇచ్చేస్తానని కబురు చేసింది."

బెంచీ మీద నవ్వులు ఆగలేదు. డ్రైవరు కళ్ళు తుడుచుకున్నాడు. నర్సమ్మ ఒక్కతే నవ్వలేదు. గడియారం ఒంటిగంటా యాభై రెండు చూపిస్తోంది. ఇంకో ఎనిమిది నిమిషాలు ఉంటే చాలు, బాబాయ్ ఒడ్డున పడతాడు.

"ఎంత పొడవన్నావు ఆ కాయ?" అంది నర్సమ్మ నెమ్మదిగా.

"ఏడడుగుల రెండంగుళాలు. ఈ టేపుతోనే కొలిచాను. నా నోరు అటూ ఇటూ పోతే పోవచ్చు అక్కా, నా టేపు పోదు. నమ్మకపోతే అదిగో దాని చెల్లెలు." మిషను పైన కొక్కేనికి ఎండిన సొరకాయ ఒకటి వేలాడుతోంది, విత్తనానికి దాచింది. "అది సరిగ్గా మూడడుగులు. అందులో మాత్రం అణువంత కోత లేదు."

నిజంగానే లేదు. ఆ కాయని బాబాయ్ పదిసార్లు కొలిచి చూసుకుని మురిసిపోయాడు. ఆ మాట ఒక్కటీ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలడు.

నర్సమ్మ లేచి, కొక్కెం నుంచి కాయ దించి బల్ల మీద పడుకోబెట్టింది. యూనిఫాం జేబులోంచి చుట్ట చుట్టిన తెల్ల టేపు తీసింది. పుట్టిన ప్రతి బిడ్డనీ కొలిచే టేపు అది, ఎప్పుడూ ఆవిడ జేబులోనే ఉంటుంది. కాయ ఈ కొస నుంచి ఆ కొసకి పరిచి, వంగి చూసింది.

"ముప్ఫై మూడు అంగుళాలు."

"ముప్ఫై ఆరు," అన్నాడు బాబాయ్. ఆయన మొహం ఎర్రబడింది. ఇంతసేపు చెప్పినదాంట్లో దేన్ని కాదన్నా ఊరుకునేవాడు గానీ, దీన్ని కాదంటే ఊరుకోలేడు. మెడలోంచి టేపు లాగి కాయ మీద పరిచాడు. "చూడండి మాస్టారూ, మీ కళ్ళతో మీరే చూడండి! ముప్ఫై ఆరు!"

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. ముప్ఫై ఆరే ఉంది. నర్సమ్మ టేపు చూశారు. ముప్ఫై మూడే ఉంది. కాయ మాత్రం ఒకటే. ఆయన కాయ పక్కకి తీసేసి, రెండు టేపులూ ఒకదాని పక్కన ఒకటి బల్ల మీద పరిచారు. మొదళ్ళు రెండూ కలిపి పట్టుకున్నారు. పసుపు టేపు అరవై దగ్గర అయిపోయింది. దాని పక్కన తెల్ల టేపు మీద అంకె యాభై అయిదు.

"కుంచించుకుపోయిందోయ్," అన్నారు మాస్టారు. "పది రోజులు వానలో నానబెట్టావు, పైగా మరుగునీళ్ళలో ఉడకబెట్టారు. నూలు కదా. అడుగుకి అంగుళం ఎగిరిపోయింది. కొత్తవాళ్ళని దీంతోనే కొలిచి దీంతోనే కత్తిరించావు, అందుకని సరిపోయాయి. మా కొలతలు ఇది బాగున్న రోజుల్లోవి, కత్తిరించింది మాత్రం ఇప్పటి టేపుతో."

డ్రైవరు తన ప్యాంటు అంచు వైపు చూసుకున్నాడు. నర్సమ్మ పసుపు టేపు చేతిలోకి తీసుకుని, తీరిగ్గా చుట్ట చుట్టింది.

"ఈ తగ్గిన అయిదంగుళాలూ ఎక్కడికి పోయాయా అనుకున్నాను తమ్ముడూ," అంది. "నీ నాలుకకి వచ్చి చేరాయన్నమాట."

బెంచీ గొల్లుమంది. కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. పిన్ని లోపల్నుంచి కోటు పట్టుకుని వచ్చి నిలబడింది. చెక్కపెట్టె ఎప్పుడు తెరిచిందో ఎవరూ చూడలేదు.

"సొరకాయ డ్యూటీ దిగింది నర్సమ్మా," అంది తల వంచుకుని.

నర్సమ్మ కోటు తొడుక్కుంది. చేతులు మణికట్టుకి నాలుగు వేళ్ళ పైన ఆగాయి. ముందు అంచులు కలవలేదు. ఆవిడ వాటిని రెండు చేతులతో దగ్గరకి లాగి, వదిలేసింది.

"ముప్ఫై నాలుగేళ్ళు వాళ్ళిచ్చిన యూనిఫాం వేసుకున్నాను," అంది. "ఒక ఏడు వదులు, ఒక ఏడు బిగువు. ఏది ఇస్తే అది. నా ఒంటి కొలతకి నేను కుట్టించుకున్నది ఇదొక్కటే. రేపు అందరి ముందూ లేచి నిలబడినప్పుడు ఇది వేసుకోవాలని ఏడాదిగా అనుకుంటున్నాను." కోటు విప్పి బల్ల మీద పెట్టింది. "బిడ్డ పుట్టగానే పొడవు కొలిచి రాస్తాం. తండ్రులు బతిమాలుకుంటారు, ఇంకో అంగుళం వేసి రాయండి నర్సమ్మా అని. ఒక్కరికీ వెయ్యలేదు. రేపు బిడ్డ ఎదుగుతోందా లేదా తెలియాలంటే ఇవాళ ఎంతుందో అంతే రాయాలి."

బాబాయ్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. టేపు తప్పు టేపుది. పది రోజుల కిందట కోటు పట్టుకెళ్ళి ఆవిడ ముందు పెట్టి ఉంటే పది రోజుల వ్యవధి ఉండేది. దాన్ని పెట్టెలో దాచింది టేపు కాదు. నోరు తెరిచాడు. అలవాటు కొద్దీ ఏదో రాబోయింది, దాన్ని మింగేశాడు.

"మీ బట్టలో ముక్క మిగిలింది అక్కా," అన్నాడు. "గజం పైనే. మీకివ్వాలి, ఇవ్వలేదు. డాబా మీద టమాటా నారుకి నీడ కట్టాను."

పిన్ని డాబా ఎక్కి ఆ ముక్క తెచ్చింది. పైవైపు ఎండకి వెలిసి బూడిదరంగుకి తిరిగింది. బాబాయ్ దాన్ని తిరగేసి, కోటు పక్కన పెట్టి చూశాడు. కింది వైపు రంగు చెక్కుచెదరలేదు.

"తిరగేసి వేస్తాను. పక్కలకి రెండు పట్టీలు, చేతులకి మడత అంచులు, కింద ఒక వెడల్పాటి అంచు. అతుకు తెలుస్తుంది అక్కా, తెలియదని చెప్పను. ఒక్కసారి నిలబడండి, మళ్ళీ కొలుస్తాను. మీ టేపు ఇస్తారా?"

నర్సమ్మ కొలతలిచ్చి, గడియారం చూసుకుని బయల్దేరింది. టేపు బల్ల మీదే వదిలేసింది. "వార్డులో ఇంకోటి ఉందిలే. ఆరింటికి ఓ పది నిమిషాలు వీలు చూసుకుని వస్తాను."

ఆ మధ్యాహ్నమంతా మిషను చప్పుడు తప్ప ఆ కొట్టులోంచి ఇంకో శబ్దం రాలేదు. టీ కొట్టాయన రెండుసార్లు గోడ మీంచి తొంగి చూశాడు, మనిషికి ఒంట్లో బాగోలేదేమోనని. నాలుగింటికి ఎవరో వచ్చి మిరప నారు ఎప్పుడు పెట్టాలని అడిగితే, "వానలు పడ్డాక," అని ఊరుకున్నాడు బాబాయ్. వచ్చినాయన ఇంకా ఉందేమోనని కాసేపు నిలబడి చూసి వెళ్ళిపోయాడు.

ఆరింటికి నర్సమ్మ వచ్చేసరికి మాస్టారూ, డ్రైవరూ బెంచీ మీదే ఉన్నారు. పిన్ని కోటు పట్టుకుంటే ఆవిడ చేతులు దూర్చింది. చేతులు మణికట్టు దాకా వచ్చాయి. గుండీలు పడ్డాయి. కింది అంచు మోకాళ్ళని తాకింది. అతుకులు కనిపిస్తున్నాయి, కానీ కావాలని వేసిన అంచుల్లా ఉన్నాయి. ఆవిడ అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, భుజం మీద చెయ్యి వేసి నిమురుకుంది. ఆ మొహం చూశాక బాబాయ్ ఊపిరి పీల్చుకున్నాడు.

"పొడవెంత వచ్చింది?" అంది.

బాబాయ్ మోకాళ్ళ మీద కూర్చుని తెల్ల టేపు పట్టి చూశాడు. డ్రైవరు ముందుకి వంగాడు. మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"నలభై రెండు."

"అంతేనా?"

"అంతే అక్కా. అరంగుళం కూడా ఎక్కువ లేదు."

టీ కొట్టాయన గోడ మీంచి తల పెట్టాడు. "అందరూ విన్నారుగా? రేపు ఈయనే కాదన్నా నేను సాక్ష్యం. ఈ రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను."